పంపు కారుతోందంటే పంపు పోయిందని కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత డీజిల్ కార్ల సంరక్షణ గురించి మీ వాహనాల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, ఇంజెక్షన్ పంపు నుంచి డీజిల్ కారడం గురించి రెండే రెండు వాక్యాలున్నాయి. కారుతున్న చోటును చేత్తో తడిమి కనిపెట్టవచ్చునన్నది మొదటిది. కారడం మొదలైందంటే పంపు ఆయుష్షు తీరినట్టే కనుక కొత్తది వేయించుకోవడమే మార్గమన్నది రెండవది. మిగతా వ్యాసం చక్కగా ఉంది గాని, ఈ రెండింటిలో ఒకటి ప్రమాదకరమైన సలహా, మరొకటి చాలా సందర్భాల్లో దండగ ఖర్చు. నేను మెకానిక్‌ను కాను, బడిలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇరవై ఏళ్లు దాటిన నా డీజిల్ కారు పంపు కారుతుంటే దాని వెంటపడి తెలుసుకున్న సంగతులను, మధ్యలో నేను చేసిన పొరపాటుతో సహా, మీ పాఠకులకు ఉపయోగపడతాయేమోనని రాస్తున్నాను.

ముందుగా ప్రమాదం సంగతి. డీజిల్‌ను ఇంజిన్‌కు చేరవేయడంతో ఈ పంపు పని అయిపోదు. సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ సూదిని దాని స్ప్రింగుకు ఎదురు తోసి పైకి లేపగలిగినంత ఒత్తిడితో, కావలసిన క్షణానికి, కావలసినంత మోతాదు పంపాలి. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పాత తరహా ఇంజిన్లలో సైతం నాజిల్ తెరుచుకోవడానికే 100 బార్లకు పైగా కావాలి, కొన్నింటిలో అది 200 దాటుతుంది. పంపుకూ నాజిల్‌కూ మధ్యనుండే ఉక్కు గొట్టంలో వెంట్రుకవాసి పగులున్నా, దాని నట్టు దగ్గర సందున్నా, అక్కడినుంచి వచ్చే డీజిల్ కంటికి సన్నని పొగలా కనిపిస్తుంది, చర్మానికి మాత్రం ఇంజెక్షన్ సూదిలా దిగుతుంది. పైకి కనిపించే గాయం ఒక చుక్కంతే, మొదటి గంటల్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల పొరల వెంట పాకిన డీజిల్ మాత్రం కణజాలాన్ని చంపుకుంటూ పోతుంది, ఆలస్యమైతే వేలినే తీసివేయవలసి రావచ్చు. వైద్యులు దీనిని తక్షణం శస్త్రచికిత్స చేయవలసిన గాయంగా పరిగణిస్తారు. కాబట్టి నడుస్తున్న ఇంజిన్‌పై ఆ గొట్టాల దగ్గర చెయ్యి పెట్టకూడదు. పొడవాటి అట్టముక్కను దూరం నుంచి పట్టుకుని గొట్టాల వెంట కదిపితే, ధార ఉన్నచోట అట్ట తడుస్తుంది. పొరపాటున చర్మంలో దిగిందన్న అనుమానం వస్తే కట్టు కట్టుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందన్న మాటను స్పష్టంగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే చూసేవారికి అది ముల్లు గుచ్చుకున్న గాయంలా కనిపిస్తుంది.

ఇక పంపు పోయిందా లేదా అన్న ప్రశ్న. పాత కార్లలో కనిపించే పంపులు ప్రధానంగా రెండు రకాలు. ప్రతి సిలిండరుకు ఒక ప్లంజరు, అంటే డీజిల్‌ను నొక్కి తోసే కడ్డీ, చొప్పున వరుసగా పేర్చిన ఇన్‌లైన్ పంపు ఒకటి. దీనిని బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఒకే ప్లంజరు తిరుగుతూ, ముందుకూ వెనక్కూ కదులుతూ అన్ని సిలిండర్లకూ వంతులవారీగా పంచే రోటరీ పంపు రెండవది. 1970ల మధ్యలో వచ్చిన బాష్ వీఈ పంపు ఈ రకంలో బాగా తెలిసినది, ఆ తర్వాతి రెండు దశాబ్దాల చిన్న డీజిల్ కార్లలో విరివిగా కనిపించేదీ ఇదే. 1997లో కార్లలోకి ప్రవేశించిన కామన్ రైల్ పద్ధతి వేరు. దాని ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, చెయ్యి పెట్టకూడదన్న హెచ్చరిక తప్ప నేనిక్కడ రాస్తున్న మరమ్మతు సంగతులేవీ దానికి వర్తించవు. నా కారుకున్నది రోటరీ పంపు.

ఈ పంపును లోపల తడిగా ఉంచే నూనె వేరే ఏదీ లేదు, డీజిలే దానికి కందెన. పంపులోనే ఉన్న చిన్న రెక్కల పంపు ట్యాంకు నుంచి డీజిల్ లాగి, పంపు బయటి పెట్టె మొత్తాన్ని నింపి, ఇంజిన్ వేగాన్ని బట్టి సుమారు మూడు నాలుగు బార్ల నుంచి ఎనిమిది బార్ల వరకు ఒత్తిడిలో ఉంచుతుంది. అంటే నాజిల్ గొట్టాల్లోని భారీ ఒత్తిడి ఒకటైతే, పెట్టెలోని ఈ చిన్న ఒత్తిడి మరొకటి. మనం సాధారణంగా చూసే కారడం ఈ రెండవదాని వల్ల వచ్చేదే. పెట్టెకు ఎక్కడెక్కడ అతుకుందో అక్కడల్లా ఒక రబ్బరు రింగో, గాస్కెట్టో, రాగి వాషరో ఆ ఒత్తిడిని ఆపుతూ ఉంటుంది. ప్లంజరు, దాన్ని కదిపే క్యామ్ ప్లేటు, ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరు బరువులు అన్నీ నిక్షేపంలా ఉండి, చిటికెన వేలి గోరంత ఓరింగు ఒక్కటి గట్టిపడినా పంపు కారుతుంది. అలాంటి పంపును పోయిందనడం, కుళాయిలో వాషరు అరిగితే ఇంటి గొట్టాలన్నీ మార్చమన్నట్టుంటుంది.

ఈ రబ్బరు ఎందుకు పాడవుతుందన్నదానికి వయసు ఒక్కటే కారణం కాదు. పాత పంపుల్లో ఎక్కువగా వాడినది నైట్రైల్ రబ్బరు. డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలను పీల్చుకుని అది కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే సందును బిగించి కూర్చుంటుంది. గంధకాన్ని తగ్గించడానికి శుద్ధి కర్మాగారాల్లో డీజిల్‌ను హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు, గంధకంతో పాటు ఈ ఆరోమాటిక్‌లు కూడా కొంత తగ్గుతాయి. ఏళ్ల తరబడి ఉబ్బి, గట్టిపడి ఉన్న రబ్బరు అప్పుడు కుంచించుకుపోతుంది. 1993లో అమెరికాలో రోడ్డు వాహనాల డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లలో 500 పాళ్లకు పరిమితం చేసినప్పుడు, అప్పటిదాకా చుక్క కారని పాత పంపులు ఉన్నట్టుండి కారడం మొదలుపెట్టడం చాలామందికి ఎదురైన అనుభవం. తర్వాత ఈ పరిమితి అక్కడ 15కు, ఐరోపాలో 10కి దిగింది. చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఇంధనం శుభ్రపడడం మంచిదే, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రబ్బరు మారిన ఇంధనానికి తగినదై ఉండాలన్నదే నేను చెప్పేది. విటాన్ అనే పేరుతో తెలిసిన ఫ్లోరో రబ్బరు రింగులు ఈ మార్పులకు చాలా మేరకు తట్టుకుంటాయి, బయోడీజిల్ కలిసిన ఇంధనానికి కూడా నైట్రైల్ కంటే నిలుస్తాయి. సీల్ కిట్టు కొనేటప్పుడు పంపు పలక మీది నంబరుతో పాటు ఏ రబ్బరో కూడా అడగాలి.

నా కారు విషయంలో మొదట కనిపించింది కారడం కాదు. ఉదయం పూట స్టార్ట్ కావడానికి మొరాయించేది. సెల్ఫ్ రెండు మూడు సార్లు వేస్తే గాని అందుకునేది కాదు, అందుకున్నాక ఒక నిమిషం కుంటుతూ నడిచి సర్దుకునేది. హీటర్ ప్లగ్గులు మార్పించాను, బ్యాటరీ మార్పించాను, గుణం లేదు. కొన్ని వారాలకు బండి కింద మరక కనిపించింది. చూపించిన చోట మెకానిక్ లైటు వేసి కిందినుంచి చూసి, “పంపు పోయింది మాస్టారూ, మార్చేయాలి” అన్నాడు. ఎక్కడ కారుతోందని అడిగితే “అంతా తడిగానే ఉందండీ” అన్నాడు. ఆ మాట నిజమే, చిక్కంతా అందులోనే ఉంది. పైనుంచి కారిన డీజిల్ పంపు ఒంటి మీదుగా జారి అడుగున చేరి, అత్యంత కింది బోల్టు కొసన చుక్కలు కడుతుంది. చుక్క రాలే చోటుకూ కారే చోటుకూ సంబంధం ఉండదు. మిగిలిన డీజిల్‌ను వెనక్కు పంపే, నాజిళ్ల మధ్య ఉండే సన్నని రిటర్న్ గొట్టాలు ఎండి పగిలితే, ఆ డీజిల్ కూడా ఉక్కు గొట్టాల వెంట పాకి పంపు మీదికే వస్తుంది. నాలుగు జానల రబ్బరు గొట్టంతో పోయేదానికి ఎన్ని పంపులు విప్పారో ఎవరు చెప్పగలరు.

నేను చేసింది ఇది. చల్లారిన ఇంజిన్ మీద పంపునూ గొట్టాలనూ గ్రీజు వదిలించే ద్రావకంతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బయటి అతుకులన్నింటి మీదా మెత్తటి సుద్దపొడి చల్లాను. ముప్పై ఏళ్లు చేతులకంటిన సుద్ద ఇలా అక్కరకు వస్తుందని నేననుకోలేదు. తర్వాత ఇంజిన్ నడిపించి, చేతులు దూరంగా పెట్టుకుని, కర్రకు కట్టిన చిన్న అద్దంలో చూస్తూ నిలబడ్డాను. తెల్లని పొడి మీద డీజిల్ తగిలినచోట ముదురు మచ్చ పుడుతుంది, ఆ మచ్చ ఎక్కడ మొదలై ఎటు పాకిందో చూస్తే సరిపోతుంది. పది నిమిషాల్లో పై మూతలోంచి బయటికి వచ్చే యాక్సిలరేటర్ షాఫ్టు చుట్టూ ఉంగరంలా తడి కనిపించింది. పొద్దుటి మొరాయింపుకు కారణం కూడా అదే. ఇంజిన్ నడిచేటప్పుడు లోపలి ఒత్తిడి డీజిల్‌ను ఆ సందులోంచి బయటికి తోస్తుంది. ఆగిన తర్వాత డీజిల్ తన బరువుతో ట్యాంకు వైపు వెనక్కు జారుతూ అదే సందులోంచి గాలిని లోపలికి లాగుతుంది. రాత్రంతా అలా గాలి పట్టిన పంపు ఉదయం సెల్ఫ్ వేయగానే డీజిల్ ఎక్కడ పంపగలదు? పంపులోకి వచ్చే గొట్టంలో ఒక జానెడు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా అతికి, ఇంజిన్ ఆగాక చూస్తే పంపు నుంచి వెనక్కు జారే బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఇంజిన్ నడుస్తుండగా ట్యాంకు వైపు నుంచే బుడగలు పంపులోకి వస్తుంటే, దోషం పంపుది కాదు, ఫిల్టరుదో గొట్టం క్లిప్పుదో అవుతుంది.

కారే చోటు తెలిస్తే, పని ఎంత పెద్దదో తెలుస్తుంది. డీజిల్ లోపలికి వచ్చే, తిరిగి వెళ్లే గొట్టాల బ్యాంజో బోల్టుల (డీజిల్ లోపలినుంచి పోయే బోలు బోల్టుల) కింద రాగి వాషర్లు మార్చడం ఎవరైనా చేయగలిగిన పని, కాకపోతే ఆ రెండు బోల్టులనూ తారుమారు చేయకూడదు. తిరుగు గొట్టం బోల్టు తల మీద ‘అవుట్’ అని ముద్ర ఉంటుంది, దానిలో సూది బెజ్జమంత రంధ్రమే పెట్టెలోని ఒత్తిడిని కాపాడుతుంది. నాజిల్ గొట్టాలు కూర్చునే డెలివరీ వాల్వుల కింది వాషర్లు మార్చడానికి టార్క్ రెంచి, ఏది ఏ స్థానంలోదో గుర్తు పెట్టుకునే ఓపిక కావాలి. వెనకవైపు, ప్లంజరు కూర్చునే డిస్ట్రిబ్యూటర్ హెడ్ చుట్టూ ఉండే పెద్ద ఓరింగు సంగతి వేరు. నాలుగు బోల్టులు వదులు చేసి హెడ్‌ను కొద్ది మిల్లీమీటర్లు వెనక్కు జరిపి పంపు దించకుండానే మార్చేవారున్నారు. మరికాస్త జరిగితే లోపలి స్ప్రింగులు, సర్దుబాటు వాషర్లు, కంట్రోల్ స్లీవులో కూర్చున్న గవర్నరు మీట కొస స్థానం తప్పుతాయి, అప్పుడు పంపు మొత్తం విప్పక తప్పదు. నేనైతే ఆ సాహసం చేయను. ముందువైపు షాఫ్టు ఆయిల్ సీలు కారితే పంపు దించవలసిందే. దించాక షాఫ్టును పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడాలి. లోపలి బుష్ అరిగి షాఫ్టు ఊగుతుంటే ఎంత మంచి సీలు వేసినా మళ్లీ కారుతుంది.

ఈ ఊగడం విషయంలోనే నేను పొరపాటు చేశాను. పై మూత విప్పడం కష్టం కాదు. యాక్సిలరేటర్ మీటకూ షాఫ్టుకూ మధ్య పళ్లుంటాయి కనుక, విప్పకముందే రెండింటి మీదా కలిపి ఒక గీత గీసుకోవాలి. ఒక్క పన్ను తేడాగా బిగించినా ఐడిల్ వేగం మారిపోతుంది. మూత పైకి తీసేటప్పుడు షాఫ్టును కిందికి నొక్కి లోపలే ఉంచాలి, ఎందుకంటే గవర్నరు స్ప్రింగు దానికే తగిలి ఉంటుంది. ఆ భాగాలు సరిగ్గా కూర్చోకుండా మూత బిగించి స్టార్ట్ చేస్తే ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తే అవకాశం ఉంది, అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు డీజిల్‌ను ఆపి ఇంజిన్‌ను నిలిపే స్టాప్ సోలినాయిడ్ వైరును వెంటనే లాగగలిగేలా ఒక మనిషి పక్కన ఉండాలి. మూత మీద సీలు వేసిన పూర్తి లోడు స్క్రూను, అంటే గరిష్ఠ డీజిల్ మోతాదును నిర్ణయించేదాన్ని, ముట్టుకోకూడదు. ఇవన్నీ చదువుకుని, గాస్కెట్టు మార్చి, షాఫ్టుకు కొత్త ఓరింగు వేసి బిగించాను. కారు పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, పంపు మార్చమన్న మెకానిక్‌కు వెళ్లి చూపించి వచ్చాను కూడా. అయిదు నెలలకు మళ్లీ అదే చోట తడి. షాఫ్టు తిరిగే బుష్ మూతలో అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందని, కొత్త ఓరింగును అది ఒక పక్కకు నలిపేస్తోందని అప్పుడు గాని తట్టలేదు. మూత చేతిలో ఉన్న రోజున షాఫ్టును దానిలో పెట్టి ఒక్కసారి ఊపి చూసి ఉంటే తెలిసేది.

రెండోసారి పంపును దించి, పంపు పనే చేసే వర్క్‌షాపులో ఇచ్చాను. దించే ముందు పంపుకూ దాని బ్రాకెట్‌కూ కలిపి గీత గీయడం, మొదటి సిలిండరు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానం) దగ్గర ఇంజిన్‌ను నిలపడం, పుల్లీని తగిన పుల్లర్‌తోనే లాగడం తప్పనిసరి. పుల్లీని సుత్తితో కొట్టి ఊడదీసేవారిని చూశాను, వారికి పంపు ఇవ్వకపోవడం మంచిది. తిరిగి బిగించేటప్పుడు గీతలు కలిపితే దాదాపు సరిపోతుంది గాని, సరైన పద్ధతి హెడ్ మధ్యలోని ప్లగ్గు తీసి, డయల్ గేజి పెట్టి, ప్లంజరు ఎంత కదిలిందో కొలవడం. చాలా ఇంజిన్లకు ఈ కొలత ఒక మిల్లీమీటరుకు దరిదాపుల్లో ఉంటుంది, మిల్లీమీటరులో వందో వంతు తేడాలు కూడా పొగలోనూ శబ్దంలోనూ తెలుస్తాయి. ఏ ఇంజిన్‌కు ఎంతన్నది దాని మాన్యువల్‌లో చూసి మాత్రమే పెట్టాలి. ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య ఉండే సందు కొద్ది మైక్రాన్లే, మన తల వెంట్రుక మందం అంతకు పదుల రెట్లు. అందువల్ల పంపు విప్పే బల్ల మీద కాటన్ వేస్టు, ఊరి దుమ్ము, సిలికాన్ పేస్టు ఏవీ ఉండకూడదు. గాస్కెట్టు బదులు సిలికాన్ పూసి నెట్టుకొచ్చేవారు ఒక విషయం గమనించరు. లోపలికి పిండుకున్న ఆ పేస్టు ముక్క ఊడి తిరుగు బోల్టు రంధ్రంలో ఇరుక్కుంటే కొత్త జబ్బు మొదలవుతుంది.

వర్క్‌షాపులో అడగవలసినది ఒకటుంది. సీళ్లు మార్చాక పంపును టెస్ట్ బెంచి మీద నడిపి, వివిధ వేగాల దగ్గర ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ పోతోందో, పెట్టె ఒత్తిడి ఎంతుందో కొలిచిన కాగితం ఇమ్మనాలి. నా పంపు అంకెలు పరిమితుల్లోనే ఉన్నాయి. అంటే మార్చేయాలన్న ఆ పంపులో పోయింది ఒక బుష్, కొన్ని రబ్బరు రింగులు. నిజంగా పోయిన పంపులూ ఉంటాయి, నేను కాదనడం లేదు. నీళ్లు చేరిన డీజిల్‌తో లోపల తుప్పు పట్టినవి, హెడ్‌లో ప్లంజరు గీతలు పడినవి, వేడెక్కాక స్టార్ట్ కానంతగా అరిగినవి సీల్ కిట్టుతో బాగుపడవు. కానీ ఆ మాట బెంచి చెప్పాలి, బండి కింద మరక కాదు.

తిరిగి బిగించాక గాలి తీయడంలో తొందర పనికిరాదు. ఫిల్టరును డీజిల్‌తో నింపి, హ్యాండ్ ప్రైమరు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కి, నాజిళ్ల దగ్గర గొట్టాల నట్లను ఒక చుట్టు వదులు చేసి, గుడ్డ కప్పి సెల్ఫ్ వేయాలి. నురగ పోయి డీజిల్ రాగానే ఆపి, నట్లు బిగించాలి. సెల్ఫ్‌ను ఒక విడతకు పది పదిహేను సెకన్లకు మించి తిప్పకుండా మధ్యలో చల్లారనివ్వాలి. ఇక్కడ కూడా వేళ్లు ఆ నట్లకు దూరంగానే ఉండాలి.

మరమ్మతు అయిపోయిందనుకున్నాక కూడా, అంతకుముందు కారిన డీజిల్ చేసిన నష్టం మిగిలే ఉంటుంది. డీజిల్ తాగిన కూలెంట్ గొట్టాలు మెత్తబడి ఉబ్బుతాయి, పంపు కింద ఆల్టర్నేటర్ ఉన్న కార్లలో అది కూడా తడుస్తుంది. ముందు సీలు కారి టైమింగ్ బెల్టు తడిస్తే, అది ఎంత కొత్తదైనా మార్చాలి. ఆ బెల్టు తెగితే చాలా డీజిల్ ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, అప్పుడయ్యే పని ముందు పంపు పని చిన్నదిగా కనిపిస్తుంది. బెల్టు లేకుండా ఇంజిన్ గేర్లతోనే తిరిగే పంపుల్లో ముందు సీలు పోతే బయట ఒక్క చుక్కైనా కనిపించకపోవచ్చు, డీజిల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతుంటే, వాసన చూస్తే డీజిల్ వస్తుంటే, ఆ బండిని నడపకుండా ఆపాలి. రోడ్డు మీద మలుపుల్లో రాలిన డీజిల్ వెనక వచ్చే ద్విచక్ర వాహనాలను జార్చుతుందన్నది కారు యజమానులు అంతగా పట్టించుకోని సంగతి.

నా కారుకు రెండోసారి పంపు బిగించి పద్నాలుగు నెలలైంది. కింద పరిచిన అట్ట పొడిగానే ఉంది. మూడో నాజిల్ దగ్గర రిటర్న్ గొట్టం మాత్రం ఈమధ్య చెమ్మగిల్లుతోంది, ఈ ఆదివారం మార్చాలి. పంపు మార్చాలా, బాగుచేయించాలా అన్న చర్చకు మీ పేజీలో చోటిచ్చినా ఇవ్వకపోయినా, చేత్తో తడిమి చూడమన్న వాక్యానికి సవరణ మాత్రం వచ్చే సంచికలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు